యూనివర్సిటీ సెమినార్లకు వెళ్లిన టీచర్లు చెప్పండి: క్లాసులో పనికొచ్చిందా?

ఓరుగల్లు_సోషల్:
జెడ్పీ హైస్కూల్లో సోషల్ స్కూల్ అసిస్టెంట్‌ని. దగ్గర్లోని ఒక యూనివర్సిటీ హిస్టరీ డిపార్ట్‌మెంట్ వేసవి సెలవుల్లో టీచర్లకు సెమినార్ పెడుతోంది. జాతీయ విద్యా విధానం 2020 ఏడాదికి 50 గంటల శిక్షణ అంటోంది కాబట్టి ఎలాగూ ఏదో ఒకటి చేయాలి. వెళ్తే లాభం ఉందా? ప్రభుత్వ ఆన్‌లైన్ శిక్షణ నిష్ఠా లాగా వీడియో నడుస్తుంటే పక్కన పేపర్లు దిద్దుకునే బాపతేనా?

గోదావరి_పండిట్:
నేను వెళ్లిన చోట పొద్దున్నంతా జ్యోతి ప్రజ్వలన, శాలువాలు. మధ్యాహ్నం ఒక ప్రొఫెసర్ గారు తల ఎత్తకుండా తన పేపర్ చదివారు. సందేహాలు అడగమనేసరికి టీ వచ్చింది. సర్టిఫికెట్ బీరువాలో ఉంది. భోజనాలు మాత్రం బ్రహ్మాండం.

చీరాల_హిస్టరీ:
పండిట్ గారూ, అన్నీ అలా ఉండవండీ. నేను వెళ్లింది శాసనాల మీద సెమినార్. పదిహేను మందిమి కూడా లేం. కాకతీయ గణపతిదేవుడి మోటుపల్లి అభయ శాసనం (1244) పాఠం చేతికిచ్చి చదవమన్నారు. పాత ఓడరేవు మోటుపల్లి మాకు బండి మీద వెళ్లొచ్చేంత దూరం, ఎన్నేళ్లుగానో ఆ పాఠం చెబుతున్నా, శాసనంలో ఏముందో చదవడం అదే మొదలు. తుపానుకు ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొస్తే అంతకుముందు రాజులు సరుకంతా లాగేసుకునేవారట. ఇకనుంచి సుంకం తప్ప ఇంకేమీ తీసుకోం అని గణపతిదేవుడు వర్తకులకు మాటిచ్చాడు. కింద కర్పూరం, మిరియాలు, ముత్యాలు, పట్టు... ఏ సరుకుకు ఎంత సుంకమో పట్టీ.

చివర్లో ప్రతి ఒక్కరూ సొంత క్లాసు కోసం ఒక పాఠ ప్రణాళిక రాయాలి. సెమినార్ నడిపిన మేడమ్ నాది రెండుసార్లు తిప్పి పంపారు. "ఇది పిల్లలకు చెబుతున్నారు, వాళ్లతో చదివించడం లేదు" అని. ఒళ్లు మండింది గానీ ఆవిడ అన్నది నిజమే. ఇప్పుడు ఎనిమిదో తరగతికి ఆ సుంకాల పట్టీనే ముందు ఇస్తాను. ఈ ఊరికి ఎవరెవరు వచ్చి ఉంటారో పిల్లలే ఊహించాలి. "మరి ఓడలో మనుషుల్ని ఏం చేసేవాళ్లు సార్?" అని ఒకడు అడిగాడు. జవాబు నా దగ్గరా లేదు.

కనెక్టికట్_టీచరమ్మ:
జె-1 (ఎక్స్ఛేంజ్) వీసా మీద ఇక్కడ అమెరికాలో ఒక బడిలో పనిచేస్తున్నాను. చీరాల మాస్టారు చెప్పిన పద్ధతే న్యూ హేవెన్‌లో యేల్ యూనివర్సిటీ 1978 నుంచి నడుపుతోంది. ఏ అంశాలు కావాలో ముందు బడుల్లో టీచర్లనే అడుగుతారు. యేల్ ప్రొఫెసర్లు సెమినార్ నడిపితే, టీచర్లు వాళ్లతో కూర్చుని చదివి తమ క్లాసు కోసం తలా ఒక పాఠ్య యూనిట్ రాస్తారు. కొంత గౌరవ వేతనం ఉంటుంది, యూనివర్సిటీ లైబ్రరీ వాడుకోవచ్చు. రాసిన యూనిట్లన్నీ ఆన్‌లైన్‌లో ఉచితం. ఎలా బోధించాలో ప్రొఫెసర్ నేర్పరు, అది టీచరుకే తెలుసని వాళ్ల లెక్క. నాకు బాగా నచ్చింది అదే.

పాలమూరు_బయో:
బెంగళూరు ఐఐఎస్‌సీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్) వాళ్లు చిత్రదుర్గ జిల్లాలోని తమ చళ్లకెరె క్యాంపస్‌లో సైన్స్ టీచర్లకు శిక్షణ ఇస్తారు. మా సహోద్యోగి వెళ్లొచ్చారు. అక్కడే ఉండి ప్రయోగాలు స్వయంగా చేయాలి. వచ్చాక ఆయన ల్యాబ్ తాళం తీసిన మాట నిజం. కెమికల్స్‌కు బడ్జెట్ ఏదని హెచ్ఎం అడిగిన మాటా నిజమే.

ఏకోపాధ్యాయుడు:
మీరంతా హైస్కూల్ వాళ్లు. ప్రైమరీ బడుల్లో చెప్పే మా ఎస్జీటీలను ఏ యూనివర్సిటీ పిలిచింది? పిలిచినా నేను వెళ్తే బడికి తాళమే. మాకు చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే కాంప్లెక్స్ మీటింగే గతి.

గోదావరి_పండిట్:
అదీ నిజమే తమ్ముడూ. అందుకే సెలవుల్లో పెడతారు, కానీ వాటికి బదులు ఈఎల్స్ (ఆర్జిత సెలవులు) జమ చేయమంటే ఆఫీసుల చుట్టూ తిరగాలి. ఓరుగల్లు సార్, ఓడీ (ఆన్ డ్యూటీ) ఆర్డర్ చేతికి రాకుండా బయల్దేరకండి.

ఓరుగల్లు_సోషల్:
ఆర్డర్ సంగతి రేపే అడుగుతా అన్నా. ప్రతి టీచరూ రాసి చూపించాలా, రాసింది ఎవరు దిద్దుతారు అని కూడా డిపార్ట్‌మెంట్‌కు ఫోన్ చేసి కనుక్కుంటా. చీరాల మాస్టారూ, ఆ సుంకాల పట్టీ పాఠం ఫైల్ ఇక్కడ పెట్టగలరా? మా పిల్లల్లో చాలామంది సముద్రం చూడలేదు, వాళ్లు ఏమంటారో చూడాలి.

చీరాల_హిస్టరీ:
పెడతాను. చేత్తో రాసింది, ఫోటోలు తీయాలి. ఆదివారం దాకా ఆగండి.