ల్యాబ్‌లో బొమ్మ దిద్దింది జూనియర్ అయితే, పదవి పోవలసింది గైడ్‌కా?

నాడీకణం:

ఈ చర్చ మన గుంపులో ఎప్పుడు మొదలైనా సగంలోనే ఆగిపోతోంది. అందుకే విడిగా పెడుతున్నాను.

తెలియనివారి కోసం నేపథ్యం. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ అధ్యక్షుడు మార్క్ టెస్సియే-లవీన్ 2023 జూలైలో రాజీనామా ప్రకటించారు. మెదడు ఎదిగే దశలో నాడీతంతువులు తమ దారి ఎలా వెతుక్కుంటాయో చెప్పిన పరిశోధనతో పేరు తెచ్చుకున్న మనిషి. ఆయన ల్యాబ్‌ల పేపర్లలోని బొమ్మలపై అనుమానాలు ఏళ్ల తరబడి ఇంటర్నెట్‌లో నలుగుతూనే ఉన్నాయి. 2022 నవంబరులో అదే విశ్వవిద్యాలయంలో మొదటి సంవత్సరం చదువుతున్న ఒక కుర్రాడు విద్యార్థి పత్రికలో రాశాకే విచారణ మొదలైంది. 12 పేపర్లు పరిశీలించిన నిపుణుల బృందం ఆయన స్వయంగా డేటా మార్చలేదని తేల్చింది. ఇతరులు మార్చిన సంగతి అప్పట్లో ఆయనకు తెలుసనడానికీ ఆధారం దొరకలేదంది. అయితే లోపాలు బయటపడ్డాక వాటిని సరిదిద్దడానికి తగినంత చేయలేదని చెప్పింది. 1999లో ‘సెల్’ పత్రికలో వచ్చిన పేపరును, 2001లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన రెండింటినీ 2023లో వెనక్కి తీసుకున్నారు.

నన్ను పట్టుకున్నది ఆ నివేదికలోని ఇంకో మాట. అక్కడ పనిచేసిన కొందరు విచారణ బృందానికి చెప్పిన ప్రకారం, అనుకూలమైన ఫలితం తెచ్చినవారు గెలిచినవాళ్లు, తేలేనివారు ఓడినవాళ్లు. అందరూ అలా అనలేదు, బాగా చూసుకున్నారన్నవారూ ఉన్నారు. ఆయన కావాలని అలాంటి వాతావరణం పెంచారని కూడా బృందం అనలేదు. అయినా నాకు ఆ ఒక్క వాక్యం చాలు.

నా వాదన ఇది. వెస్టర్న్ బ్లాట్‌లో (ప్రొటీను ఉందో లేదో చూసే పరీక్ష, ఉంటే ఒక చార కనిపిస్తుంది, దాన్నే బ్యాండు అంటాం) రావలసిన చోట బ్యాండు రాలేదని చెప్పిన క్షణంలో గైడ్ ముఖం ఎలా మారుతుందో, ఆ ల్యాబ్ నీతి మొత్తం అక్కడే నిర్ణయమవుతుంది. గోడకు అంటించిన నియమావళిలో కాదు. ఆ ముఖానికి భయపడి ఒకరు బొమ్మ దిద్దితే, దిద్దిన చేతికి ఎంత శిక్షో ఆ ముఖానికీ అంత పడాలి.

పాత మైక్రోస్కోపు:

నేను ల్యాబ్ నడుపుతాను కాబట్టి నా మాటను ఆ లెక్కలోనే చదువుకోండి.

ముఖకవళికలకు శిక్ష వేయడం మొదలుపెడితే మన దేశంలో విభాగాలన్నీ మూతపడతాయి. హాస్యం పక్కన పెడదాం. మీరు రెండు విషయాలను కలిపేస్తున్నారు. పేపరుకు జవాబుదారీ వేరు, మోసానికి దోషి కావడం వేరు.

అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయం సంగతి చూడండి. ఎలుకల మెదడులో జ్ఞాపకశక్తిని దెబ్బతీసే అమైలాయిడ్ అనే ప్రొటీను రూపం ఒకదాన్ని కనుగొన్నామంటూ 2006లో ‘నేచర్’లో వచ్చిన పేపరు అల్జీమర్స్ రంగంలో అందరూ ఉటంకించినది. 2022లో వాండర్‌బిల్ట్ శాస్త్రవేత్త మాథ్యూ ష్రాగ్ గుర్తించిన బొమ్మల లోపాలు పత్రికకెక్కాయి. 2024లో పేపరు వెనక్కి పోయింది. సీనియర్ రచయిత్రి కారెన్ ఆష్ తనకు ఆ మార్పులు ముందు తెలియవని చెబుతూనే, అంతిమ బాధ్యత తనదేనని బహిరంగంగా రాశారు. మొదటి రచయిత సిల్వాన్ లెస్నే మాత్రం ఉపసంహరణకు ఒప్పుకోలేదు. జవాబుదారీ అంటే ఆమె చేసినది. దానికి పైన ‘నీ ల్యాబ్ గాలి మంచిది కాదు’ అని ఇంకో నేరం మోపడానికి కొలబద్ద ఏది? గాలిని ఎవరు కొలుస్తారు? వెళ్లిపోయిన విద్యార్థి చెప్పేదా, ఉన్న విద్యార్థి చెప్పేదా?

ఇంకొకటి. నా ల్యాబ్‌లో ఒకరు ప్యాచ్ క్లాంప్ (ఒక్కో కణంలోని విద్యుత్తును కొలిచే పద్ధతి) చేస్తారు, ఒకరు ఎలుకల ప్రవర్తన చూస్తారు, ఒకరు ఆర్‌ఎన్‌ఏ వరుసల విశ్లేషణ రాస్తారు. మూడోవారి ప్రోగ్రాము నాకు చదవడం రాదు. నమ్మక తప్పదు. నమ్మకాన్ని నేరం చేస్తే మిగిలేది నిఘా. నిఘా ఉన్నచోట మీరు కోరుకునే ఆత్మీయ వాతావరణం బతకదు.

రెండో ఏడు:

సార్, మీ మీద గౌరవంతోనే రాస్తున్నాను. నేను పీహెచ్‌డీ విద్యార్థిని, ఊరు చెప్పను.

నమ్మకం అని మీరు అంటున్నది పైనుంచి చూసినప్పుడే నమ్మకంలా కనిపిస్తుంది. కింద నిలబడి చూడండి. జేఆర్‌ఎఫ్ (పీహెచ్‌డీ తొలి ఏళ్ల ఫెలోషిప్) నెలకు 37,000 రూపాయలు. అది ఖాతాలో పడాలంటే హాజరుపత్రం మీద గైడ్ సంతకం కావాలి. సెలవుకు సంతకం, తర్వాతి దశ ఫెలోషిప్ ఎస్‌ఆర్‌ఎఫ్‌కు మార్చడానికి సంతకం, సదస్సుకు వెళ్లడానికి సంతకం, రేపు పోస్ట్‌డాక్‌కు (పీహెచ్‌డీ తర్వాతి పరిశోధన ఉద్యోగం) సిఫారసు ఉత్తరం. ఇన్ని సంతకాలు ఒకే చేతిలో ఉన్నప్పుడు ‘ఈ ఫలితం మళ్లీ రావడం లేదు’ అని చెప్పడానికి ఎంత ధైర్యం కావాలో ఊహించండి.

ఒక ల్యాబ్‌లో (పేరు అనవసరం) సోమవారం మీటింగ్ ఎలా ఉండేదో చెబుతాను. ఎవరి స్లయిడ్‌లో బ్యాండు చక్కగా ఉంటే వారితో మూడు పావుగంటలు మాటలు, ప్రశ్నలు, తర్వాత ఏ యాంటీబాడీ తెప్పించాలన్న ఆలోచనలు. నా వంతు వచ్చేసరికి “నీది ఏమైంది?” “రాలేదు మేడమ్.” “సరే. తర్వాత ఎవరు?” తిట్టలేదు, అరవలేదు. ఏ ఫిర్యాదు కమిటీకీ ఇందులో రాసుకోవడానికి ఏమీ దొరకదు. ఆ వారమంతా నేను బఫర్ మార్చాను, ట్రాన్స్‌ఫర్ సమయం మార్చాను, సీనియర్ పాత నోట్‌బుక్ తెరిచి చూస్తే అతనికీ ఎక్కువసార్లు రాలేదని తేలింది. వచ్చిన ఒక్కటే పేపరుకు వెళ్లింది. అది మోసమా? బొమ్మ ఎవరూ దిద్దలేదు.

బెంగళూరులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్‌లో ఒక ల్యాబ్ పేపరు 2021లో వెనక్కి తీసుకున్నప్పుడు అందరూ ‘ఎవరు చేశారు’ అనే అడిగారు. ఎందుకు చేయవలసి వచ్చింది, పక్క బల్ల మీద ఉన్నవారికి అనుమానం వస్తే ఎవరికి చెప్పుకోవాలి అన్నవి అడిగినవారు తక్కువ. అది న్యూరోసైన్స్ కాదు, నిజమే. బల్లలు మాత్రం అవే.

స్కానరు గది:

జర్మనీ నుంచి. ఎఫ్‌ఎమ్‌ఆర్‌ఐ (మెదడు పనిచేస్తుండగా తీసే స్కాన్) చేస్తాను, కాబట్టి మీ బ్యాండ్ల గొడవ నాకు లేదు. మా గొడవ అంతకంటే పెద్దది.

2020లో ‘నేచర్’లో ఒక ప్రయోగం వచ్చింది. ఒకే స్కాన్ డేటాను 70 బృందాలకు ఇచ్చి, అవే 9 ప్రతిపాదనలు పరీక్షించమన్నారు. ఏ రెండు బృందాలూ ఒకే విశ్లేషణ మార్గం పట్టలేదు. కొన్ని ప్రతిపాదనల మీద దాదాపు మూడోవంతు మంది అవునంటే మిగతావారు కాదన్నారు. వీళ్లెవరూ మోసగాళ్లు కారు. ఇప్పుడు గైడ్‌కు ఏ జవాబు ఇష్టమో ముందే తెలిసిన విద్యార్థి చేతికి ఆ డేటా ఇవ్వండి. స్మూతింగ్ (స్కాన్ బొమ్మను నునుపు చేయడం) కొంచెం మార్చితే, స్కానరులో కదిలిన ఇద్దరిని తీసేస్తే, హద్దును కాస్త జరిపితే ఇష్టమైన జవాబు వస్తుంది. బొమ్మ దిద్దే అవసరమే లేదు. నోట్‌బుక్‌లో ప్రతి అడుగూ నిజాయితీగానే రాసి ఉంటుంది.

దీనికి చిన్న నమూనాలు తోడు. 2013లో వచ్చిన ఒక సమీక్ష న్యూరోసైన్స్ అధ్యయనాల గణాంక శక్తి మధ్యస్థంగా 21 శాతం దగ్గరుందని లెక్క కట్టింది. అంటే నిజంగా ఉన్న ప్రభావాన్ని అయిదింట నాలుగుసార్లు పట్టుకోలేని ప్రయోగాలు. అలాంటి ప్రయోగంలో ‘రాలేదు’ అన్నది ఎక్కువసార్లు వినబడవలసిన జవాబు. ల్యాబ్ మీటింగ్‌లో అది వినబడటం లేదంటే ఎక్కడో ఎవరో మింగేస్తున్నారన్నమాట.

అందుకే శిక్ష గురించిన ఈ చర్చ నాకు పక్కదారిలా కనిపిస్తోంది. విశ్లేషణ ప్రణాళికను డేటా రాకముందే నమోదు చేయండి. ‘కార్టెక్స్’ పత్రిక 2013లోనే ఆ దారి తెరిచింది: పద్ధతి చూసి పేపరు ఒప్పుకుంటారు, ఫలితం ఏదైనా అచ్చువేస్తారు. గైడ్ ముఖం మారినా మారకపోయినా ఒకటే.

ఇక మంచి మనుషుల మీద నమ్మకం పెట్టుకునేవారికి ఒక్క మాట. మా పక్క లైప్జిగ్‌లో, మాక్స్ ప్లాంక్ సంస్థలో సహానుభూతి మీద ప్రపంచ ప్రసిద్ధ పరిశోధన చేసిన విభాగాధిపతి, కింద పనిచేసేవారిని వేధించారన్న ఆరోపణల తర్వాత 2018లో పదవి వదులుకోవలసి వచ్చింది. విషయం తెలిసినంత మాత్రాన ప్రవర్తన రాదు.

కొత్తిమీర:

నేను శాస్త్రవేత్తను కాను, మందుల కంపెనీలో నాణ్యతా విభాగం. చదువుతుంటే ఆశ్చర్యంగా ఉంది. మా దగ్గర ఒక క్రొమాటోగ్రామ్ (మందులో ఏమేం ఉన్నాయో చూపే పరీక్ష గ్రాఫు) మళ్లీ తీస్తే, ఎందుకు తీశామో కారణం రాయకుండా సిస్టమ్ ముందుకు కదలదు. పాతది చెరపడానికి ఎవరికీ అధికారం లేదు, మేనేజరుకు కూడా. తనిఖీకి వచ్చినవారు మొదట అడిగేది ఆ చిట్టానే. మీరంతా డాక్టరేట్లు, మీకు ఇది లేదా?

పాత మైక్రోస్కోపు:

లేదండీ. మీ కంపెనీలో దానికి విడిగా ఉద్యోగులు, ఖర్చు ఉంటాయి. మా దగ్గర జెల్ ఇమేజర్ పాడైతే ఫోనుతో ఫొటో తీసి పంపిన రోజులున్నాయి. ముడి ఫైళ్లు పోస్ట్‌డాక్ వెంట ఊరు దాటిపోతాయి. ఇది సమర్థన కాదు, ఉన్న స్థితి.

స్కానరు గది గారితో సగం ఏకీభవిస్తాను. ముందస్తు నమోదు ఎఫ్‌ఎమ్‌ఆర్‌ఐకి కుదురుతుంది. ఒక కణంలో ఎలక్ట్రోడు దించి, అది ఏం చెబుతుందో చూసి తర్వాతి అడుగు వేసే పనికి అంత సులువుగా కుదరదు. వెతుకులాటను నేరంలా చూస్తే కొత్తవి దొరకవు.

రెండో ఏడు చెప్పిన సోమవారం మీటింగ్ మాత్రం చదివి కాసేపు ఆగాను. “సరే, తర్వాత ఎవరు?” అన్నది ఏ గైడ్ అయినా సమయం చూసుకుని అనే మాట. దానికి అంత బరువుంటుందని మాకు ఎవరూ చెప్పలేదు. ఎవరూ చెప్పలేని చోట ఉండటమే కారణం అంటారని తెలుసు.

నాడీకణం:

అదే అంటాను.

స్కానరు గది గారూ, మీ ముందస్తు నమోదు బాగానే ఉంది. కానీ నమోదు చేద్దామని రెండో సంవత్సరం విద్యార్థి ప్రతిపాదిస్తే “అవన్నీ తర్వాత, ముందు డేటా తీయి” అనే గైడ్‌ను ఏ పత్రిక ఆపుతుంది? యంత్రాంగం కూడా ఎవరో ఒకరు ‘సరే’ అంటేనే ల్యాబ్‌లోకి వస్తుంది.

శిక్ష పక్కదారి అన్నారు. స్టాన్‌ఫర్డ్ కథ అక్కడితో ముగియలేదు. రాజీనామా తర్వాత ఏడాది తిరగకముందే, 2024 ఏప్రిల్‌లో, వంద కోట్ల డాలర్లకు పైగా పెట్టుబడితో మొదలైన ఔషధ కంపెనీ జైరాకు ఆయనే అధిపతి అయ్యారు. ఆయనను మోసగాడని ఎవరూ తేల్చలేదు కాబట్టి అందులో చట్టవిరుద్ధం ఏమీ లేదు. కానీ ఆ ల్యాబ్‌లలో ‘ఓడినవాళ్లు’గా మిగిలి, ఫలితం రాలేదని నిజం చెప్పి, పేపరు లేక రంగం వదిలిపోయినవారు ఉండే ఉంటారు. వారికి ఏ నివేదికా పేరు పెట్టలేదు. పైవారికి నష్టం లేనంతకాలం వాతావరణం దానంతటదే మారుతుందని నేను నమ్మను.

పాత మైక్రోస్కోపు:

నష్టం పెంచితే ఏమవుతుందో కూడా చూడండి. మన విద్యాసంస్థలకు కేంద్రం ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ 2025 ర్యాంకుల్లో, వెనక్కి తీసుకున్న పేపర్లకు మార్కులు తగ్గించడం మొదలైంది. ఉద్దేశం మంచిదే. ఇప్పుడు నా విద్యార్థి వచ్చి “సార్, మన పాత పేపరులో ఒక బొమ్మ రెండుసార్లు పడింది” అంటే, దాన్ని సరిదిద్దబోయి పేపరు వెనక్కి తీసుకోవలసి వస్తే సంస్థకు మార్కులు పోతాయి. డీన్ నన్ను పిలిచి ఏమంటారనుకుంటున్నారు? శిక్ష భయం విద్యార్థి చేత బొమ్మ దిద్దిస్తే, అదే భయం గైడ్ చేత బొమ్మ దాయిస్తుంది. తానే తప్పు బయటపెట్టినవారికీ పట్టుబడినవారికీ తేడా చూపని శిక్ష ఎవరికీ మేలు చేయదు.

నేను ఒప్పుకునేది ఇంతవరకు: సంతకాలన్నీ ఒకే చేతిలో ఉండకూడదు. ఫెలోషిప్ హాజరు విభాగం కార్యాలయం చూసుకోవచ్చు. సిఫారసు ఉత్తరం సలహా సంఘంలోని ఇంకొకరు ఇవ్వవచ్చు. ఎలుకల గుర్తింపు సంకేతాలు ప్రయోగం చేసేవారికి తెలియకుండా పక్క ల్యాబ్ దగ్గర ఉంచవచ్చు. వీటికి రూపాయి ఖర్చు లేదు.

రెండో ఏడు:

ఇవి జరిగితే చాలా తేడా వస్తుంది సార్, కాదనను. యూజీసీ కూడా 2022 నిబంధనల్లో థీసిస్‌కు ముందు పేపరు తప్పనిసరి అన్నది తీసేసింది. కాగితం మీద నాకు పేపరు అక్కరలేదు. అయినా మా విభాగంలో పేపరు లేకుండా సమర్పించమని ఏ గైడూ అనరు.

ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. మీ ల్యాబ్ నుంచి ‘రాలేదు’ అన్న ఫలితంతో థీసిస్ సమర్పించినవారు ఎవరైనా ఉన్నారా?

పాత మైక్రోస్కోపు:

ఒకరు ఉన్నారు. ఎలుకల్లో ఒక గ్రాహకాన్ని అడ్డుకుంటే భయస్మృతి తగ్గుతుందన్న పాత ఫలితాన్ని మళ్లీ రాబట్టబోయి, ఆడ, మగ రెండింటిలోనూ రాలేదని అధ్యాయం మొత్తం రాశారు. వైవాలో బయటి పరీక్షకుడు ఎక్కువ సమయం గడిపింది ఆ అధ్యాయం మీదే, మెచ్చుకున్నారు కూడా. డిగ్రీ వచ్చింది. పోస్ట్‌డాక్‌కు పెట్టిన దరఖాస్తులు మాత్రం ఎక్కడా ముందుకు కదల్లేదు. ఇప్పుడు రోగనిర్ధారణ కిట్లు చేసే కంపెనీలో ఉన్నారు. నేను రాసిన ఉత్తరం బలంగానే ఉంది. ఎంపిక చేసినవారు పేపర్ల వరుస చూసి ఉంటారు. అది నా ల్యాబ్ పాపం కాదని నేను అంటాను. మీరు ఒప్పుకోరని తెలుసు.