వేషియెన్ శిబిరంలో పిల్లల చలికాలం: బొగ్గు ఉండలు, పెంకుల పొడి

ప్రశ్న:
రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ సైన్యం పాశ్చాత్య దేశాల పౌరుల్ని ఉంచిన, చైనాలోని వేషియెన్ (ఇప్పటి వేఫాంగ్) నిర్బంధ శిబిరం మీద పిల్లల నాటిక రాస్తున్నాను. కాలం 1944 చలికాలం. ముఖ్యపాత్ర చీఫూ (ఇప్పటి యాంటాయ్) ఊళ్లోని మిషనరీ పిల్లల బడిలో చదివే పదకొండేళ్ల అమ్మాయి. అమ్మానాన్నలతో ఒకే గదిలో ఉన్నట్టు, చారల బట్టలు వేసుకున్నట్టు రాశాను. సరేనా? బొగ్గు ఉండలు ఎలా చేసేవారు? గుడ్డు పెంకులు తినిపించారన్నది నిజమేనా?

జవాబు 1:
మొదటి రెండూ మార్చాలండి. చీఫూ పిల్లల్లో చాలామంది అమ్మానాన్నలు మిషనరీలు. జపాన్ సైన్యం చేరని లోతట్టు చైనాలో ఉండిపోయారు. పిల్లల్ని టీచర్లతో సహా 1942 నవంబరులో చీఫూలోనే నిర్బంధించి, 1943 సెప్టెంబరులో వేషియెన్‌కు తరలించారు. గదిలో తోటి అమ్మాయిల్ని పెట్టండి. 9 అడుగులకు 12 అడుగుల చిన్న గదులు కుటుంబాలవి.

చారల బట్టలు నాజీ శిబిరాలవి. ఇక్కడ ఎవరి బట్టలు వారివే. పిల్లలు పెరుగుతారు, గౌన్లు పెరగవు కదా! అతుకులు వేయించండి. వేసవి దృశ్యం ఉంటే ఉత్త కాళ్లతో నడిపించండి, బూట్లు చలికాలానికి దాచుకునేవారు.

జవాబు 2:
బొగ్గు సంగతి. పొయ్యికి దక్కేది ఎక్కువగా పొడే. పొడిని అలాగే వేస్తే గాలి ఆడక మంట ఆరిపోతుంది, అందుకే ఉండ కట్టడం. పొడిలో బంకమట్టి కలిపి, కొద్దికొద్దిగా నీళ్లు చల్లుతూ చేత్తో పిసికి, కోడిగుడ్డంత ఉండలు చేసి ఎండలో పెట్టాలి. మట్టి తక్కువైతే ఎండగానే పగిలి మళ్లీ పొడి అవుతుంది. ఎక్కువైతే మండదు, బూడిద మాత్రం గంపెడు. లోపల తడి మిగిలితే పొగ. గడ్డకట్టే చలిలో తడి పొడి పిసకడం వల్ల వేళ్లు పగులుతాయి. నాటికలో ఆ చేతులు కనబడాలి.

జవాబు 3:
పెంకుల మాట నిజమే. పాలు లేవు, కాల్షియం లేదు. గోడ మీదుగా దొంగచాటుగా వచ్చిన గుడ్ల పెంకుల్ని పారేయకుండా మెత్తగా నూరి, పిల్లలకు చెంచాతో పెట్టించింది శిబిరంలోని డాక్టర్లే. ఎంత నూరినా ఇసుకలా గొంతుకు అడ్డం పడుతుంది. అయినా కొందరికి ఎనామిల్ (పంటి మీది గట్టి పూత) లేని పళ్లు వచ్చాయి.

ప్రశ్న వేసినవారు:
ధన్యవాదాలు. ఎరిక్ లిడెల్‌ను ఒక దృశ్యంలో పెట్టవచ్చా? మగపిల్లల్ని తల్లుల నుంచి వేరుచేశారని కూడా చదివాను.

జవాబు 1:
లిడెల్‌ను పెట్టవచ్చు, తేదీ చూసుకోండి. 1924 పారిస్ ఒలింపిక్స్ 400 మీటర్ల విజేత. శిబిరంలో పాఠాలు చెప్పేవారు, ఆటలు ఆడించేవారు. మెదడులో కణితితో 1945 ఫిబ్రవరి 21న పోయారు. కాబట్టి మీ చలికాలంలో ఆయన్ను పరుగెత్తించకండి.

మగపిల్లల్ని వేరుచేసింది జావాలో (ఇప్పటి ఇండోనేషియా దీవి), అక్కడి జపాన్ శిబిరాల్లో. అక్కడ పదేళ్లు దాటినవారిని మగవాళ్ల శిబిరాలకు పంపారు. వేషియెన్‌లో కుటుంబాలు కలిసే ఉన్నాయి, ఆ సంగతి ఇక్కడికి తేకండి. హాజరు దృశ్యం మాత్రం వదలొద్దు: వరుసలో నిలబడి జపనీస్‌లో ఇచి, ని, సన్ (ఒకటి, రెండు, మూడు) అంటూ లెక్క చెప్పాలి. 1944 జూన్‌లో ఇద్దరు తప్పించుకున్నాక అది ఇంకా కట్టుదిట్టమైంది.