ఫ్యూజ్ పదే పదే పోతుంటే 10 బదులు 15 వేయొచ్చా?

వెనకదీపం: కారు టెయిల్ లైట్ల ఫ్యూజ్ ఈ వారంలో మూడుసార్లు పోయింది. 10 ఆంప్స్, ఎర్రది. తెలిసినాయన 15 వేసెయ్ అన్నాడు. నీలం ఫ్యూజ్ చేతిలోనే ఉంది గానీ పెట్టడానికి ధైర్యం చాలట్లేదు.

పాతబండి: వేసెయ్ తమ్ముడూ. ఏళ్ల తరబడి వేడెక్కి చల్లారి ఫ్యూజులూ నీరసపడతాయి. నా కారులో 15 వేసి రెండేళ్లయింది, ఏమీ కాలేదు. ఇంతదానికి టెన్షనెందుకు?

రెంచి: అన్నా, పాతబడితే ఒకసారి పోతుంది. ఇక్కడ కొత్తవి కూడా పోతున్నాయిగా! వెనక రెండు బల్బులు, ముందు పార్కింగ్‌వి రెండు, నంబర్ ప్లేటుది ఒకటి. తలా 5 వాట్లనుకున్నా మొత్తం 25. 12 వోల్టులతో భాగిస్తే రెండు ఆంప్స్ చిల్లర. 10 ఆంప్స్ ఫ్యూజ్‌కి అదొక లెక్కా? లోడు ఎక్కువై కాదు, ఎక్కడో వైరు బాడీకి తగులుతోంది. ఫ్యూజ్ కాపాడేది బల్బుని కాదు, వైరుని. కరెంటు ఒకటిన్నర రెట్లయితే వైరులో వేడి రెండుంపావు రెట్లు.

పాతబండి: ఎల్ఈడీ స్ట్రిప్పులు, ఇంకో హారన్ పెట్టించుకున్నవాళ్ల సంగతేంటి? అక్కడ లోడు నిజంగానే పెరుగుతుంది కదా.

రెంచి: దానికి బ్యాటరీ నుంచి వేరే వైరు, రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ చేసే స్విచ్), సొంత ఫ్యూజ్ ఉండాలన్నా.

వెనకదీపం: సరే, తగిలేచోటు పట్టుకునేదెలా? వెతికిన ప్రతిసారీ ఒక ఫ్యూజ్ బలి.

టెస్ట్‌ల్యాంప్: ఫ్యూజ్ బదులు 21 వాట్ల ఇండికేటర్ బల్బు కలపండి. కాలిపోయిన ఫ్యూజ్ కాళ్లకే రెండు వైర్లు సోల్డర్ చేస్తే సరి. ముందు ఆ సర్క్యూట్‌లో బల్బులన్నీ తీసేసి స్విచ్ వేయండి. టెస్ట్ బల్బు ధగధగా వెలిగితే షార్ట్ ఉన్నట్టే. రెండు ఆంప్స్‌కి మించి పోనివ్వదు కాబట్టి వైరుకి భయం లేదు. ఇక వైరింగ్ కదుపుతూ పోండి, ఎక్కడ కదిపితే ఆరుతుందో అక్కడే. నన్నడిగితే డిక్కీ మూత మడతబందు దగ్గరి రబ్బరు గొట్టంతో మొదలుపెట్టండి. తెరిచీ మూసీ అక్కడి వైర్లే నలుగుతాయి.

వెనకదీపం: దొరికిందండీ! డిక్కీ సగం ఎత్తగానే బల్బు ఆరింది. గొట్టంలో ఒక వైరు తొడుగు పగిలి రాగి బయటపడింది. వైరు మార్పించి మళ్లీ ఎర్ర ఫ్యూజే పెట్టా.

పాతబండి: హమ్మయ్య. ఇంతకీ నా 15 ఉన్నచోట ఎంత వేయాలని రాసుందో, రేపు బాక్సు మూత తీసి చూస్తా.