'ఫైలు', 'ఫైల్', 'దస్త్రం': శైలి కోసం పుల్ రిక్వెస్టు ఆపాలా?

పాతకీబోర్డు: మా ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు సహాయ పేజీలు ఐదారుగురం కలిసి తెలుగులో రాస్తున్నాం. ఒకరు ఫైలు అంటారు, ఒకరు ఫైల్, ఇంకొకాయన దస్త్రం దగ్గర్నుంచి కదలరు. ఏ మాట ఎలా రాయాలో చెప్పే శైలి పత్రం ఒకటి రాసి, దానికి సరిపోని పుల్ రిక్వెస్టులు (నా మార్పు కలుపుకోండని ఎవరైనా పంపేవి) వెనక్కి పంపుదామంటే గొడవైంది. మీరేమంటారు?

రాత్రిడ్యూటీ: పంపకన్నా. రాసేవాళ్లే దొరకట్లేదు, దొరికిన ఒక్కడికీ దీర్ఘాలు దిద్దమని 14 కామెంట్లు పెడితే మళ్లీ ఆ గడప తొక్కుతాడా? వేరే చోట నాకు అదే జరిగింది, రెండో పుల్ రిక్వెస్టు ఇంతవరకు పెట్టలేదు. ఇంగ్లిష్ వికీపీడియాలో స్పెల్లింగు అమెరికాదా బ్రిటన్‌దా అని మొత్తానికీ ఒకటే పెట్టలేదు, ఒక వ్యాసం లోపల ఒకేలా ఉంటే చాలన్నారు. నడుస్తోందిగా.

చింతచెట్టు: అది చదువుకోవడానికండీ, ఇది చూస్తూ పని చేసుకోవడానికి. వెబ్ డెవలపర్లు చూసుకునే ఎండీఎన్ సైటు వాళ్లు అమెరికన్ స్పెల్లింగే వాడాలని శైలి పత్రంలో రాసుకున్నారు. మన బాధ స్పెల్లింగుతో ఆగదు. బటన్ మీద 'భద్రపరచు' అని ఉంటే సహాయ పేజీలో 'సేవ్ నొక్కండి' అని రాస్తారు, మా అమ్మ ఆ సేవ్ కోసం స్క్రీనంతా వెతికింది. ఇక 'సాఫ్ట్‌వేర్'లో ట కింద వ వత్తు పడకుండా జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనబడని అక్షరం పెట్టేవాళ్లు కొందరు, పెట్టనివాళ్లు కొందరు. మనం ఎలాగోలా చదివేస్తాం, మాటలు వెతికిపెట్టే గ్రెప్‌కి మాత్రం అవి రెండు వేరే మాటలు. ఫైళ్లు, ఫైళ్ళు కూడా అంతే.

రాత్రిడ్యూటీ: బటన్ల దగ్గర ఒప్పుకుంటా. మరి దస్త్రం వద్దని తేల్చేదెవరు?

చింతచెట్టు: ఎవరూ తేల్చక్కర్లేదు, ఇంటర్‌ఫేస్ అనువాదంలో ఏది ఉంటే అదే. దస్త్రం అని ఉంటే, నాకు నచ్చకపోయినా, దస్త్రమే. చెయ్యండి, చేయండి లాంటివి ఎవరిష్టం వాళ్లది.

గోదారిగట్టు: కొత్తవాళ్లని దిద్దమనకండి. మెర్జ్ చేసేసి, అంటే ప్రాజెక్టులో కలిపేసుకుని, ఇంకో కమిట్‌లో, అంటే విడి మార్పుగా, మనమే దిద్దుకోవాలి, తప్పులు దానంతటదే పట్టే లింటర్ ఉంటే పది నిమిషాల పని. అయితే తెలుగులో ఓ చిక్కుంది, ఫైల్‌లో, ఫైల్‌ని, ఫైల్‌కి అని విభక్తులు అంటుకుంటాయి కాబట్టి విడిమాటని మాత్రమే వెతికే రూల్‌కి అవి దొరకవు, వదులుగా రాశామా, 'ప్రొఫైల్' కూడా తప్పని చూపిస్తుంది.

పాతకీబోర్డు: ప్రొఫైల్ సంగతి నాకు తట్టనేలేదు! సరే, వెనక్కి పంపడం మానేస్తా. ఈ ఆదివారం ఇంటర్‌ఫేస్‌లోంచి ఓ 30 మాటలు లాగి పట్టిక పెడతా. అక్కడ 'ఫైలు' అనే ఉంది మరి, ఆ దస్త్రం గారికి మీలో ఎవరో ఒకరు చెప్పండి, నావల్ల కాదు.