పాత కరెంటు బిల్లులు ఎన్నేళ్లు దాచాలి? అటక ఖాళీ చేయాలా, వద్దా?

వంటింటి కిటికీ:
మా మామయ్యగారు పోయి మొన్న మాఘానికి ఏడాది నిండింది. అటక మీది ఆయన ట్రంకు పెట్టె ఈ వారమే దించాం. 1988 నుంచి ఇంటికొచ్చిన ప్రతి కరెంటు బిల్లు, ఇంటి పన్ను రసీదు, గ్యాసు చీటీ, ఏడాదికొక కట్టగా నూలుతాడుతో కట్టి ఉన్నాయి. అడుగున రెండు కట్టలకు చెదలు పట్టాయి. మా మరిది పాత పేపర్లవాడికి వేసేద్దాం వదినా అంటాడు, మావారు ససేమిరా అంటారు.

నేనూ మరిది వైపే ఉన్నాను, పోయిన నెల బిల్లు వచ్చేదాకా. అందులో పాత బకాయి అని 6,480 రూపాయలు చేర్చారు. కరెంటు ఆఫీసుకు వెళ్లి అడిగితే 2019 మే, జూన్ బిల్లులు కట్టలేదన్నారు. మామయ్యగారు గడువు దాటనిచ్చే మనిషి కాదు. పదిహేను రోజుల్లో కట్టకపోతే ఫ్యూజు పీకేస్తామని నోటీసు కూడా ఇచ్చారు. టెన్షన్‌గా ఉంది. ఇంతకీ కాగితాలు ఎన్నేళ్లు దాచాలి? ఫోనులో ఫోటో ఉంటే చాలదా?

బళ్లో మాస్టారు:
అమ్మా, ఒక్క కాగితం కూడా పారేయవద్దు. నా దగ్గర 1987 నుంచి ఉన్నాయి. 2011లో మాకూ ఇలాంటి నోటీసే వచ్చింది, మూడు నెలల బిల్లు కట్టలేదని. మూడు రసీదులూ తీసుకెళ్లి బల్ల మీద పెట్టాను. అక్కడి గుమాస్తా వాటిని చూసి, రిజిస్టరు చూసి, మారు మాట్లాడకుండా ఆ బకాయి కొట్టేశాడు. ఆ కాగితాలు లేకపోతే నా మాట ఎవరు వింటారు? ఫోటోలు, మెసేజీలు అంటారు గానీ ముద్ర ఉన్న అసలు రసీదుకున్న విలువ దేనికీ లేదు. ఒక్క జాగ్రత్త. స్పాట్ బిల్లింగ్ మెషీనులోంచి వచ్చే ఆ నున్నటి కాగితం ఏడాది తిరక్కుండానే వెలిసిపోతుంది. వచ్చిన రోజే జిరాక్సు తీయించాలి.

అద్దె కొంప 302:
మాస్టారూ, ఇది 1987 కాదండి. నేను కరెంటు బిల్లు కాగితం చేత్తో పట్టుకుని ఏడేళ్లవుతోంది. చెల్లింపులన్నీ బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఉంటాయి. పైగా విద్యుత్ చట్టం 2003, సెక్షన్ 56(2) ఉంది. బకాయి మొదట కట్టాల్సిన తేదీ నుంచి రెండేళ్లు దాటితే వసూలు చేయకూడదు. కాబట్టి రెండేళ్ల కాగితాలు చాలు, మిగతావి అమ్మేయండి. మీరు ఆరేళ్ల నాటి బకాయికి భయపడాల్సిన పనే లేదు.

కృష్ణ ఒడ్డు:
ఇంటి పన్ను రసీదులు మాత్రం పారేయకండి. అమ్మేటప్పుడు అడుగుతారు.

బళ్లో మాస్టారు:
302 గారూ, సగం చదివి సలహా ఇవ్వకండి. 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు ఉంది. అజ్మీర్ పంపిణీ సంస్థకూ రహమతుల్లా ఖాన్ అనే వినియోగదారుకూ మధ్య కేసు. 2009 జూలై నుంచి 2011 సెప్టెంబరు దాకా తప్పుడు టారిఫ్ కోడ్‌తో, అంటే వేరే రేటు లెక్కన, తక్కువ బిల్లు వేశామని 2014లో అదనపు బిల్లు పంపారు. రెండేళ్లు దాటినా తప్పు బయటపడ్డాక బిల్లు వేయొచ్చనే కోర్టు చెప్పింది. ఇప్పుడేమంటారు? రెండేళ్లకే అమ్మేయమంటారా?

అద్దె కొంప 302:
అదే తీర్పులో ఆ డబ్బు కోసం కరెంటు కట్ చేయకూడదని కూడా అన్నారు. ఆ ముక్క మీరు చెప్పలేదు.

బళ్లో మాస్టారు:
బాకీ ఉందని చెప్పారా లేదా? కరెంటు తీయకపోతే బాకీ పోతుందా? దావా వేసి వసూలు చేసుకోవచ్చు. అప్పుడు జడ్జిగారి ముందు ఫోను చూపిస్తారా?

నల్లకోటు:
చూపించొచ్చు మాస్టారూ. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం (కోర్టు సాక్ష్యాల చట్టం)లో సెక్షన్ 63 దాని గురించే. దానికి తగ్గ ధ్రువపత్రం జత చేస్తే ఎలక్ట్రానిక్ రికార్డు సాక్ష్యంగా పనికొస్తుంది. ఉత్త స్క్రీన్‌షాట్ కన్నా బ్యాంకు ధ్రువీకరించి ఇచ్చిన స్టేట్‌మెంట్ గట్టిది.

ఇంకో సంగతి. రహమతుల్లా కేసులో ఆ డబ్బుకు అప్పట్లో బిల్లే వేయలేదు. ఈవిడ విషయంలో 2019లో బిల్లు వేశారు, కట్టలేదంటున్నారు. రెండూ ఒకటి కావు.

బళ్లో మాస్టారు:
ధ్రువపత్రం ఎవరిస్తారు, ఎక్కడిస్తారు, ఎంత తిరగాలి? మా మామూలు జనం రసీదు చూపించి ఇంటికొచ్చేస్తాం. అసలు కాగితం అసలు కాగితమే.

అద్దె కొంప 302:
మాస్టారూ, మూడుసార్లు అదే మాట. మీ తరమంతా ఆఫీసు గుమాస్తాకు భయపడి బతికింది. ఇల్లంతా కాగితాల గోదాము చేసి, దాన్ని జాగ్రత్త అంటారు. డబ్బు తీసుకున్నవాడు లెక్క రాసుకోవాలి. కంప్యూటర్లు, సర్వర్లు వాళ్ల దగ్గర పెట్టుకుని, ఆరేళ్ల కిందటి చీటీ చూపించమని ముసలాళ్లను అడగడానికి సిగ్గుండాలి. మీలాంటివాళ్లు కట్టలు కట్టి చూపిస్తూ పోబట్టే ఆ అలవాటు పోవడం లేదు.

బళ్లో మాస్టారు:
బాబూ, భయం అన్నావు కాబట్టి చెప్తున్నాను. మా నాన్న చదువుకోలేదు. 1974లో శిస్తు కట్టి రసీదు అడగలేదు. మరుసటి ఏడు మళ్లీ కట్టించారు. అమ్మ మెడలోది కుదువపెట్టి కట్టాడు. అప్పటినుంచి మా ఇంట్లో చీటీ పారేసే అలవాటు లేదు. గోదాము అనుకో, ఏమైనా అనుకో.

కృష్ణ ఒడ్డు:
302, పెద్దాయనతో ఆ మాట తీరు బాగాలేదు.

అద్దె కొంప 302:
మాట జారాను మాస్టారూ, క్షమించండి. నా కడుపుమంట నాది, అదీ చెప్తాను. నాలుగేళ్లు ఒక ఇంట్లో అద్దెకున్నాం. మీటరు ఓనరు పేరు మీద ఉంది. ప్రతి నెలా బిల్లు నేనే కట్టాను, ఫోనులోంచి. ఖాళీ చేసే రోజున పాత బకాయి ఉందని అడ్వాన్సులో 8,300 కోసుకున్నాడు. నేను కట్టినవి చూపిస్తే, "బిల్లు మీద ఎవరి పేరుందో చూడు, నా సర్వీసుకు నేను కట్టుకున్నానంటే నువ్వేం చేస్తావ్" అన్నాడు. బిల్లు కాగితాలన్నీ తారీఖు వరసన ఫైలులో పెట్టుకున్నాడు. పాత ఫోను పోవడంతో నా దగ్గర సగమే మిగిలాయి. మా ఆవిడ ఆ రోజు ఆటోలో ఏడుస్తూ వచ్చింది. అందుకే కాగితం, కాగితం అంటే నాకు ఒళ్లు మండుతుంది. కాగితం ఎవరి పేరు మీద ఉంటే వాళ్లకే పనిచేస్తుంది. ఇల్లున్నవాళ్లకు అది రక్షణ, మాకు కాదు.

బళ్లో మాస్టారు:
ఇది ముందే చెప్పాల్సింది బాబూ. నా కింది వాటాలోనూ అద్దెకున్నారు. బిల్లు నేనే తీసి పెట్టుకుంటాను, వాళ్లకు ఎప్పుడూ ఇవ్వలేదు. ఇవ్వాలని తోచలేదు. ఇకమీద ప్రతి నెలా జిరాక్సు ఇస్తాను. అయితే ఒక్క మాట. లెక్క రాసుకోవాల్సింది వాళ్లే అన్నది న్యాయమే. కానీ వాళ్లు రాసుకోకపోతే ఫ్యూజు పీకేది నా ఇంటికి. న్యాయం వచ్చేదాకా చీకట్లో కూర్చోమంటావా?

అద్దె కొంప 302:
చీకట్లో కూర్చోమని నేననను. కానీ నిరూపించే బరువు మన మీద వేసుకున్నంత కాలం వాళ్లు మారరు. ఇక్కడ మాత్రం మీతో ఒప్పుకోను.

లైన్‌మన్ కొడుకు:
అందరూ రసీదు చుట్టూనే తిరుగుతున్నారు. అక్కా, రసీదు సంగతి పక్కనపెట్టండి. ఆ కట్టల్లో 2019 జూలై తరవాతి బిల్లులున్నాయా? 302 చెప్పిన 56(2)లో ఇంకో షరతుంది. ఆ బకాయిని అప్పటినుంచీ ఎడతెగకుండా బిల్లుల్లో చూపిస్తూ వస్తే రెండేళ్ల గడువు వర్తించదు. కాబట్టి ఇన్నేళ్ల బిల్లుల్లో పాత బకాయి గడిలో సున్నా ఉందని చూపించగలిగితే అదే మీ బలం. రెండేళ్లకే అమ్మేస్తే ఆ సున్నాలే పోతాయి. మధ్యలో ఒకటీ అరా దొరక్కపోయినా కంగారు లేదు, ఉన్నవి వరసన పేర్చండి.

ఈఆర్‌వో (కరెంటు బిల్లుల లెక్కలు చూసే) ఆఫీసులో మీ సర్వీసు లెడ్జరు, అంటే చెల్లింపుల ఖాతా, కాపీ కావాలని రాతపూర్వకంగా అడగండి. ఫిర్యాదు కాగితం మీద ముద్ర వేయించుకోండి. తేలకపోతే అదే విద్యుత్ చట్టం సెక్షన్ 42(5) కింద ప్రతి పంపిణీ సంస్థకూ వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక ఉంటుంది. అక్కడా కాకపోతే దాని పైన ఫిర్యాదు వినే విద్యుత్ అంబుడ్స్‌మన్.

నల్లకోటు:
నోటీసు గడువు లోపల ఇదీ చేయండమ్మా. సెక్షన్ 56(1) ప్రకారం, అడిగిన మొత్తం గానీ, గత ఆరు నెలల్లో మీరు కట్టిన సగటు లెక్కన గానీ, రెండింటిలో ఏది తక్కువైతే అది అభ్యంతరం రాసి జమ చేస్తే, వివాదం తేలేదాకా కరెంటు తీయకూడదు. ఆ సగటు లెక్కకు ఆరు నెలల బిల్లులు దగ్గర పెట్టుకోండి.

ఓపిక ఉన్నంతవరకు:
కనెక్షన్ కోసం కట్టిన డిపాజిట్ రసీదు దొరికితే విడిగా తీసి పెట్టండి. దాని మీద వడ్డీ ఇవ్వాలని సెక్షన్ 47లో ఉంది. 1988 నాటిదైతే అప్పటి ఆంధ్రప్రదేశ్ విద్యుత్ బోర్డు పేరు మీద ఉంటుంది. బోర్డు 1999లో విడిపోయింది, 2000లో నాలుగు పంపిణీ సంస్థలొచ్చాయి. తరవాత కొన్ని జిల్లాలు ఒక సంస్థ నుంచి ఇంకోదానికి మారాయి. ఇన్ని మార్పుల్లో మన కాగితం మన దగ్గరుండడమే మంచిది. సర్వీసు ఇంకా మామయ్యగారి పేరు మీదే ఉంటే పేరు మార్పిడికీ పనికొస్తుంది.

వంటింటి కిటికీ:
అందరికీ నమస్కారం. నిన్న రాత్రంతా నేనూ మరిదీ కూర్చుని వెతికాం. 2019 కట్టకు చెద తగల్లేదు. మే నెల రసీదు దొరికింది, ముద్ర స్పష్టంగా ఉంది. జూన్‌ది తెల్లకాగితమైపోయింది, ఒక్క అక్షరం లేదు. వెనక్కి తిప్పితే మామయ్యగారు బాల్‌పెన్నుతో కట్టిన తేదీ, రసీదు నంబరు, మీటరు రీడింగు రాసి పెట్టారు. ఆయనకు కళ్లు మసకేసిన రోజులవి, అక్షరాలు వంకరపోయాయి. జూలై నుంచి ఆయన పోయేదాకా బిల్లులన్నీ ఉన్నాయి, బకాయి గడిలో సున్నాలే. ఆయన తరవాత ఏడాదివి మాత్రం లేవు. అవి నేనే పారేశాను.

ఇవాళ అభ్యంతరం రాసి సగటు లెక్కన జమ చేశాం. లెడ్జరు కాపీకి అర్జీ పెట్టాం, వారంలో రమ్మన్నారు. ఆ తెల్లకాగితం మీద చేతిరాతను ఒప్పుకుంటారో లేదో కౌంటరులో చెప్పలేదు.

బళ్లో మాస్టారు:
ఒప్పుకుంటారమ్మా. నంబరుంది కదా, లెడ్జరుతో సరిచూస్తే తేలిపోతుంది.

అద్దె కొంప 302:
అదే నంబరు వాళ్ల దగ్గర ఆరేళ్లుగా ఉంది మాస్టారూ. వాళ్లే సరిచూసుకుని ఉంటే ఈ నోటీసే వచ్చేది కాదు.

కృష్ణ ఒడ్డు:
అక్కా, ఆ రెండింటినీ లామినేషన్ చేయించకండి. వేడి తగిలితే మెషీను కాగితం నల్లబడిపోతుంది. ఇవాళే ఫోటో తీసి, కవరులో పెట్టి బీరువాలో ఉంచండి.