అప్‌డేట్: పేజీ సంఖ్యలు వరుసలోకి వచ్చాయి

విషయసూచికలో అధ్యాయాల పేర్ల పక్కన పేజీ సంఖ్యలు కుడి అంచున ఒకే వరుసలో నిలవడం లేదని అడిగాను కదా, సమస్య తీరింది. సలహా ఇచ్చినవారందరికీ కృతజ్ఞతలు.

వర్డ్‌లో ఆ పేరాలన్నీ ఎంపిక చేసి, రూలర్ మీద 6 అంగుళాల దగ్గర కుడి ట్యాబ్ (రాత కుడి కొస ఆనుకునే గుర్తు) పెట్టాను. దానిమీద రెండుసార్లు క్లిక్ చేస్తే తెరుచుకున్న పెట్టెలో చుక్కల లీడర్‌ను (మధ్య ఖాళీని నింపే చుక్కల వరుసను) ఎంచుకున్నాను. ఇప్పుడు పేరుకూ సంఖ్యకూ మధ్య ఒక్కసారి ట్యాబ్ కీ నొక్కితే చాలు. సంఖ్య 9 అయినా 109 అయినా చివరి అంకె అంచుకే ఆనుకుంటుంది. ఫాంటు మార్చినా వరుస చెదరలేదు, నాకు అన్నిటికన్నా సంతోషం కలిగించింది ఇదే! అక్షరాల వెడల్పులు వేరువేరు కాబట్టి స్పేస్‌లతో ఇంత నిలకడ రాదు.

ఇదే పని చేయబోయేవారికి ఒక్క మాట: ట్యాబ్ స్థానం పేరాకు చెందుతుంది, మొత్తం పత్రానికి కాదు. అందుకే ముందుగా అన్ని పేరాలనూ ఎంపిక చేయాలి. స్టైల్‌లోనే (పేరాల రూపాన్ని ఒకేచోట నిర్ణయించే అమరికలోనే) పెట్టుకుంటే ఇంకా మేలు.