సియాటిల్ చలికి ఏ పామ్ నిలుస్తుంది?

ప్రశ్న: సియాటిల్‌లో ఇంటి ముందు నేలలో పామ్ (తాటి, ఖర్జూరం జాతి చెట్టు) నాటాలి. నర్సరీలో ట్రాకీకార్పస్, కానరీ ఖర్జూరం, వాషింగ్టోనియా ఉన్నాయి. మైనస్ 10 డిగ్రీల సెల్సియస్‌కి పడితే ఏది బతుకుతుందండీ? నేల బంకమట్టి. అక్టోబరులో నాటొచ్చా?

జవాబు 1: ట్రాకీకార్పస్ ఫార్చ్యూనీ, ఇంకో ఆలోచన వద్దు. వేరు పట్టిన చెట్టు మైనస్ 12 వరకు బాగానే ఓర్చుకుంటుంది. వాషింగ్టోనియా రోబస్టాకి మైనస్ 6 దగ్గరే ఆకులు మాడతాయి, కానరీ ఖర్జూరం కూడా అంతకంటే పెద్దగా నయం కాదు. అక్టోబరు వద్దు. చల్లటి నేలలో వేరు కదలదు. మే నెలలో నాటండి.

జవాబు 2: పై అంకెలు పొడి చలికి. ఇక్కడ చలికాలమంతా వాన కాబట్టి మొవ్వులో నీరు నిలిచి గడ్డకడుతుంది, తర్వాత మొవ్వు కుళ్ళుతుంది. మన కోనసీమ కొబ్బరికి వచ్చే మొవ్వుకుళ్ళు లాంటిదే. బంకమట్టిలో గుంత తీసి ఇసుక నింపొద్దు, అది నీళ్ల తొట్టి అవుతుంది. అడుగు ఎత్తు మట్టిదిబ్బ పోసి దానిమీద నాటండి. ఆగస్టు తర్వాత నత్రజని ఎరువు ఆపండి.

ప్రశ్న వేసినవారు: గడ్డకట్టే రాత్రుల్లో ఎల్ఈడీ లైట్లు చుడితే చాలా?

జవాబు 2: ఎల్ఈడీకి చాలినంత వేడి రాదు, పాతరకం ఫిలమెంట్ బల్బుల దండ కావాలి. పైన గుడ్డ కప్పి, ఎండ రాగానే తీసేయండి. వసంతంలో మొవ్వాకు లాగితే ఊడొస్తే కుళ్ళు కోసేసి, 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ పోసి, ఆరాక రాగి (కాపర్) తెగులు మందు కొట్టండి. వాన పడకుండా మూత పెట్టండి.